పన్నెండున్నరకు పడక, అయిదింటికి పరుగు

తెల్లవారుజామున లేచేవాడే పైకొస్తాడని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు విసుగులేకుండా చెబుతుంటాయి. ముందురోజు రాత్రి ఎన్నింటికి పడుకోవాలో చెప్పే పేజీ మాత్రం వాటిలో అరుదు. ఈ అరకొర సలహా ఎక్కడికి దారితీస్తుందో చూడాలంటే ఢిల్లీలోని సాకేత్ లాంటి చోటే సరైనది.

అక్కడ అద్దెకుంటూ ఎల్లో లైన్ మెట్రోలో గురుగ్రామ్ వెళ్లొచ్చే ఉద్యోగిని ఊహించుకోండి. అమెరికా వాళ్లతో కాల్ ముగిసేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. భోజనం చేసి, కాసేపు ఫోన్ చూసి పక్క మీద వాలేసరికి పన్నెండున్నర. అయిదింటికి అలారం. డీడీఏ స్పోర్ట్స్ కాంప్లెక్సుకో, వీధి చివరి జిమ్‌కో పరుగు. మొదటి నెల హుషారుగానే సాగుతుంది. తర్వాత నడుము పట్టేస్తుంది, భుజం లాగుతుంది. ఏ పక్కకు ఒత్తిగిలినా నొప్పే కనుక నిద్ర చెడుతుంది. నిద్ర చెడింది కనుక మర్నాడు అదే నొప్పి ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. చివరికి ‘మనకు జిమ్ పడదులే’ అని మానేస్తాడు. పడనిది జిమ్ కాదు, ఆ అయిదింటి అలారం.

కసరత్తు చేస్తున్నప్పుడు కండ పెరగదు. అప్పుడు జరిగేది అరుగుదలే. మరమ్మతు తర్వాత మొదలవుతుంది, అందులో నిద్రకు పెద్ద వాటా ఉంది. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి తొలి భాగంలో పట్టే గాఢ నిద్రలోనే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, యువతీయువకులను ఒక్క రాత్రి పూర్తిగా మేలుకోబెడితే కండరాల్లో ప్రొటీన్ తయారీ 18 శాతం పడిపోయింది, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ 21 శాతం పెరిగింది. బరువు తగ్గాలని జిమ్‌కు వెళ్లేవాళ్లు 2010 నాటి షికాగో ప్రయోగం గురించి కూడా తెలుసుకోవాలి. కొద్దిమంది మీద చేసిన చిన్న పరిశీలనే అది. తిండి తగ్గించినవాళ్లను కొన్నాళ్లు ఎనిమిదిన్నర గంటలు, కొన్నాళ్లు అయిదున్నర గంటలు పక్క మీద ఉండనిచ్చారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. నిద్ర తక్కువైనప్పుడు మాత్రం తగ్గిన బరువులో కొవ్వు వాటా సగానికి సగం పడిపోయింది, కండే ఎక్కువ కరిగింది. కాటా మీద అంకె చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఎముకల లెక్క ఇంకా నిదానం. పదే పదే పడే బరువుకు ఎముకలో సన్నటి బీటలు పడుతుంటాయి. దెబ్బతిన్న భాగాన్ని శరీరం ముందు తొలగించి, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్యకాలంలో ఎముక మీద పడే బరువు తగ్గకపోతే బీట పెద్దదై స్ట్రెస్ ఫ్రాక్చర్ అవుతుంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి.సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది, వెంటనే ఎడమ చీలమండ స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది. మళ్లీ కోర్టులో అడుగుపెట్టింది 2023 జనవరిలో. ఫిజియో, కోచ్ వెంట ఉన్న ఛాంపియన్‌కే ఎముక అన్నాళ్లు తీసుకుంది. దానికి నిద్రలేమే కారణమని నేననడం లేదు. ఎముక మన తొందరను లెక్కచేయదని మాత్రం అంటాను. ఇక నిద్రకూ గాయాలకూ ఉన్న లంకె సంగతికొస్తే, లాస్ ఏంజెలెస్ స్కూలు క్రీడాకారుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, ఎనిమిది గంటల కన్నా తక్కువ పడుకునే పిల్లల్లో గాయాల అవకాశం 1.7 రెట్లు కనిపించింది.

పొద్దున్నే లేచేవాళ్లకు ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది. వెన్నుపూసల మధ్య డిస్కులు రాత్రంతా నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచినప్పుడు మనం ఒక సెంటీమీటరు పైగా పొడవుంటాం కూడా. ఆ ఉబ్బు తగ్గకముందే వంగితే డిస్కు మీద ఒత్తిడి మామూలు కన్నా ఎక్కువ. లేచీలేవగానే ముందుకు వంగడం మానేసినవాళ్లకు నడుము నొప్పి తగ్గిందని 1998లోనే ఒక అమెరికన్ పరిశోధన చూపింది. సూర్య నమస్కారాలైనా నిండు బిందె ఎత్తడమైనా ఓ గంట ఆగి చేస్తే పోయేదేమీ లేదు.

సాకేత్‌లో చలికాలం మరో చిక్కు తెస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున చల్లగాలి నేలకు అంటిపెట్టుకుని పొగను పైకి పోనివ్వదు. ఎండ ఎక్కాక ఆ మూత కొంత తొలగుతుంది. అంటే పొగ దట్టంగా ఉన్న వేళ చూసుకుని మరీ గుండెల నిండా పీల్చుకుంటూ పరుగెత్తుతున్నామన్నమాట, అదీ నిద్ర చంపుకుని! ఆ నెలల్లో సెలవు రోజు మధ్యాహ్నం సత్‌పులా వైపు నడిచి రండి. తుగ్లక్ కాలపు ఏడు కమానుల నీటికట్టను చూసినట్టుంటుంది, ఒంటికి ఎండా తగులుతుంది.

బ్రాహ్మీ ముహూర్తం మాటేమిటంటారా? మన తాతలు నాలుగింటికి లేచేవారు, నిజమే. ఎనిమిదింటికల్లా భోంచేసి దీపం తగ్గించేవారు కూడా. మనం ఆ నాలుగు గంటలను మాత్రం పట్టుకొచ్చుకున్నాం, ఎనిమిది గంటలను ఊళ్లోనే వదిలేశాం. రియో ఒలింపిక్స్‌కు ముందు కోచ్ గోపీచంద్ మూడు నెలల పాటు సింధు ఫోన్ తీసేసుకున్నారు. అంత కచ్చితమైన గురువు మనకు లేడు కాబట్టి, రాత్రి ఫోన్ పక్కగదిలో పెట్టే పని మనదే.

ఇదంతా విని వ్యాయామం మానేయమన్నట్టు అనుకోవద్దు. నడుము నొప్పికి మంచం మందు కాదు. తగ్గిన నడుము నొప్పి మళ్లీ రాకుండా నడక ఎంత పనిచేస్తుందో 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్ష తేల్చింది. నేర్చుకుని క్రమంగా నడిచినవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, ఆ శిక్షణ లేనివాళ్లలో 112. వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. తెల్లవారుజామునే చేయాలన్న షరతు అందులో లేదు. మెట్రో దిగి ఇంటికి నడిచే దూరమూ లెక్కలోకొస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా నడకా కాదు, నిద్రా కాదు, ఆ రోజే డాక్టరును చూడాలి.

ఇక మిగిలింది ఆ రాత్రి కాల్. వేసవిలో మన సాయంత్రం ఏడు గంటలకు న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదిన్నర. వాళ్లు అప్పటికే ఆఫీసులో ఉంటారు. పదింటి కాల్‌ను ఏడింటికి జరపమని మేనేజరును అడగడానికి జిమ్‌లో బరువులెత్తడం కన్నా ఎక్కువ ధైర్యం కావాలి కాబోలు, చాలామంది అడగనే అడగరు.