దుమ్ములగొండి ఎవరి చుట్టం?

హైదరాబాదు పాతబస్తీలో, బహదూర్‌పురాలో, మీరాలం చెరువు పక్కన నెహ్రూ జంతు ప్రదర్శనశాల వుంది. 1963 అక్టోబరు 6న ప్రజలకోసం తెరిచిన ఆ 380 ఎకరాల తోటను ఊళ్ళో అందరూ జూపార్కు అనే అంటారు. సెలవురోజుల్లో ఏనుగు దగ్గరా, పులి దగ్గరా జనం క్రిక్కిరిసి వుంటారు. దుమ్ములగొండి దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. బూడిదరంగు ఒళ్ళు, దానిమీద నల్లని చారలు, మెడనుంచి వీపుదాకా జూలు. ముందుకాళ్ళు పొడుగు, వెనుకకాళ్ళు కురచ కావడంవల్ల నడుము వెనక్కి జారినట్టు వుంటుంది. "అదొక రకం అడవికుక్కరా" అని తండ్రి కొడుక్కి చెబుతాడు. ఇద్దరూ సింహాన్ని చూడటానికి వెళ్ళిపోతారు.

ఆ తండ్రిని తప్పుపట్టకండి. జంతువుల వర్గీకరణకు పునాది వేసిన శాస్త్రజ్ఞుడు కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు! స్వీడను దేశస్థుడు కార్ల్ లిన్నేయస్ 1758లో తన "సిస్టమా నాచురే" గ్రంథం పదవ కూర్పును ప్రచురించాడు. జంతువులకు ఈనాడు మనం వాడే రెండు మాటల శాస్త్రీయనామాలు ఆ పుస్తకంతోనే మొదలవుతాయి. అందులో దుమ్ములగొండి పేరు "కేనిస్ హైయినా". లాటిన్ భాషలో కేనిస్ అంటే కుక్క. అంటే ఆయన దాన్ని కుక్క, తోడేలు, నక్కల పక్కనే కూర్చోబెట్టాడన్నమాట.

కాని ఈనాటి జంతుశాస్త్ర పుస్తకం తెరిచి చూడండి. దుమ్ములగొండి కుక్కల వైపు వుండదు, పిల్లుల వైపు వుంటుంది. పులి, సింహం, పునుగుపిల్లి వున్న వైపు! కంటికి కుక్కలా కనిపించే జంతువును పిల్లి వైపు చేర్చడానికి శాస్త్రజ్ఞులకు ఏ ఆధారం దొరికింది?

ముందు మనమే ప్రయత్నించి చూద్దాం. ఒక వీధికుక్క, ఒక ఇంటిపిల్లి, ఒక దుమ్ములగొండి. ఈ మూడింటికీ దవడ పక్కన ఒక జత పళ్ళు కత్తెరలా ఒకదాన్నొకటి రాసుకుంటూ మాంసాన్ని కోస్తాయి. ఈ కత్తెరపళ్ళను బట్టే మూడింటినీ మాంసాహారుల క్రమంలో చేర్చారు. అంతవరకూ తగాదా లేదు. ఇకమీదటే చిక్కు.

గోళ్ళు చూడండి. పిల్లి తన గోళ్ళను లోపలికి ముడుచుకోగలదు. కుక్క ముడుచుకోలేదు. దుమ్ములగొండి కూడా ముడుచుకోలేదు. అయితే అది కుక్కే అనుకుంటున్నారా? తొందరపడకండి. ఇదే జూపార్కులో 2023 మార్చి వరకు ఒక చీతా వుండేది. చీతా గోళ్ళు కూడా మిగిలిన పిల్లుల గోళ్ళలా పూర్తిగా దాగవు. అయినా అది పిల్లికుటుంబంలోదేనని ఎవరికీ అనుమానం లేదు.

పోనీ, వేళ్ళు లెక్కపెడదాం. కుక్కకూ పిల్లికీ కూడా ముందుకాలికి ఐదు, వెనుకకాలికి నాలుగు. కుక్క ముందుకాలి ఐదో వేలు నేలకు తగలకుండా కాస్త పైన వుంటుంది, రేపు మీ వీధిలో చూడండి. దుమ్ములగొండికి నాలుగు కాళ్ళకూ నాలుగేసి వేళ్ళే. ఇది ఎటూ తేల్చలేదు. ఇక పళ్ళు. కుక్కకు 42, పిల్లికి 30, దుమ్ములగొండికి 34. (వీధికుక్క నోరు తెరిచి లెక్కపెట్టే పని పెట్టుకోకండి, ఆ పని మనకోసం ఎప్పుడో జరిగిపోయింది!) 34 అనేది 30కి దగ్గరే కదా అంటారేమో. నిజమే, కాని సంఖ్య ఒక్కటే చూసి చుట్టరికం కలపకూడదు. పళ్ళు లెక్కించి మోసపోయిన వాళ్ళలో లిన్నేయసే మొదటివాడు. ఆయన పాలిచ్చే జంతువుల్ని ముఖ్యంగా ముందుపళ్ళను బట్టి విభజించాడు. ఫలితం? ఖడ్గమృగం వెళ్ళి ఎలుక, ఉడుత, కుందేళ్ళ గుంపులో పడింది. నీటిగుర్రం గుర్రంతోపాటు ఒకే క్రమంలో చేరింది.

నవ్వుకుంటే నవ్వుకోండి గాని, ఆ రోజుల్లో ప్రపంచంలోని జంతువులన్నింటికీ ఒక పద్ధతి ప్రకారం చోటు చూపించడమే గొప్ప సాహసం. దిద్దడం తరువాతివాళ్ళ వంతు అయింది. ఈ నీటిగుర్రం సంగతి ఎలా తేలిందో చెబితే, దుమ్ములగొండి సంగతి సులభంగా అర్థమవుతుంది. అందుకు జూపార్కు దాకా కూడా పోనక్కర్లేదు.

పాతబస్తీ హోటళ్ళలో తెల్లవారుజామునే నహారీ, పాయా అమ్ముతారని మీకు తెలుసు. పాయా అంటే మేకకాళ్ళ పులుసు. వంటకు ముందు ఆ కాలును ఒక్కసారి పరిశీలించండి. రెండు గిట్టలు సమానంగా, పక్కపక్కనే వుంటాయి. వాటి వెనక కొంచెం పైగా రెండు చిన్న గిట్టలు వేలాడుతుంటాయి. కాలి బరువు మోసే గీత మధ్య రెండు వేళ్ళ నడుమనుంచి పోతుంది. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులో వచ్చే గుర్రం కాలు చూడండి. ఒకే గిట్ట. బరువంతా నడిమి వేలిమీదే. ఖడ్గమృగానికి మూడు వేళ్ళున్నా బరువుగీత నడిమి వేలి గుండానే పోతుంది. అందుచేత ఖడ్గమృగం గుర్రం చుట్టం. నీటిగుర్రానికి కాలికి నాలుగు వేళ్ళు, గీత పోయేది రెండింటి నడుమనుంచి. కాబట్టి పేరులో గుర్రమున్నా అది మేక, పంది, జింకల వైపుది. 1848లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ ఈ రెండు గుంపులకూ "సరిసంఖ్య వేళ్ళవి", "బేసిసంఖ్య వేళ్ళవి" అని అర్థం వచ్చే పేర్లు పెట్టాడు.

ఇక్కడ గమనించవలసింది వేళ్ళ సంఖ్య కాదు, వేళ్ళ అమరిక. బతికే తీరును బట్టి జంతువుకు వేళ్ళు తగ్గవచ్చు, పొడుగు కావచ్చు. కాని కాలు కట్టిన పథకం అంత తొందరగా మారదు. చుట్టరికాన్ని పట్టి ఇచ్చేది అలాంటి లక్షణమే.

ఇప్పుడు దుమ్ములగొండి దగ్గరకు తిరిగి వద్దాం. తెలుగులో దాని పేరులోనే దాని వృత్తి వుంది. దుమ్ము అంటే ఎముక. ఇతర జంతువులు తిని వదిలిన కళేబరాల ఎముకల్ని కూడా పగలగొట్టి తినే జీవి అది. ఆహారం వెతుక్కుంటూ రాత్రిపూట మైళ్ళకొద్దీ నడవాలి. దూరాలు నడిచే జంతువుకు నేలను పట్టుకునే మొద్దుగోళ్ళు, గట్టి పాదాలు పనికివస్తాయి. కుక్కజాతులకూ దూరాలు పరుగెత్తే అవసరమే వచ్చింది. ఒకే పని చేయబట్టి కాళ్ళు ఒకేలా తయారయ్యాయి. మీ పాఠంలో క్రియాసామ్య అవయవాలని చదివింది ఇలాంటి వాటినే. పక్షి రెక్కా, సీతాకోకచిలుక రెక్కా ఒకే పని చేసినా వాటి నిర్మాణాలు వేరు కదా!

కాళ్ళు మోసం చేస్తాయి సరే, మరి ఏది నిజం చెబుతుంది? 1869లో లండన్‌లో విలియం హెన్రీ ఫ్లవర్ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు మాంసాహార జంతువుల పుర్రెల్ని తలకిందులు చేసి పరిశీలించాడు. తలకిందులు అని హాస్యానికి అనడం లేదు. ఆయనకు కావలసింది పుర్రె అడుగుభాగమే. అక్కడ చెవికి కింద గుడ్డులాగా ఉబ్బిన ఒక ఎముక బుడగ వుంటుంది. మధ్యచెవి దాని లోపల వుంటుంది. కుక్కలో ఆ బుడగ దాదాపు ఒకే గది. పిల్లిలో మధ్యన ఎముకగోడ లేచి, అది రెండు గదులవుతుంది. ఫ్లవర్ దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. బుడగ చుట్టూ ఎముకలు ఎలా అతుక్కున్నాయి, రక్తనాళాలూ నరాలూ పోయే రంధ్రాలు ఎక్కడున్నాయి, అన్నీ పోల్చి చూశాడు. చూసి మాంసాహారుల్ని మూడు గుంపులు చేశాడు: కుక్కలవి, ఎలుగులవి, పిల్లులవి. దుమ్ములగొండి పిల్లుల గుంపులో పడింది.

గోడ మాట కొంచెం వివరించాలి. దుమ్ములగొండి చెవిబుడగలో గోడ పిల్లిలోలాగా నిలబడి వుండదు, దాదాపు పడుకుని వుంటుంది. ఒక గది కిందా, ఒక గది పైనా అన్నట్టు. చూడగానే ఒకే గది అనిపిస్తుంది. అందుకే ఒక్క లక్షణం మీద తీర్పు చెప్పకుండా నాలుగైదు కలిపి చూడటం.

చెవి ఎముకనే ఎందుకు నమ్మాలి అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పరుగెత్తడానికీ, ఎముక కొరకడానికీ చెవికింద గోడ అడ్డం వున్నా ఒకటే, నిలువుగా వున్నా ఒకటే. కాళ్ళనూ దవడనూ మార్చినంత తేలిగ్గా బతుకుతెరువు దాన్ని మార్చలేదు. పూర్వీకుల ముద్ర అక్కడ చెరగకుండా మిగిలిపోయింది.

ఈ తేడాను మరో రకంగా మీ కళ్ళతోనే చూడవచ్చు. మాంసం దుకాణం ముందు కుక్కకు ఎముక దొరికితే ఏం చేస్తుంది? తల పక్కకు వంచి, ఎముకను నోటిమూలకు, బాగా లోపలికి తోసి కొరుకుతుంది. కత్తెరపళ్ళకు వెనకనున్న దంతాలు కుక్కకు బలమైనవి. దుమ్ములగొండికి వెనక దంతాలు దాదాపు లేవనే చెప్పాలి, పిల్లిలోలాగే. అందుకని అది కత్తెరపళ్ళకు ముందున్న మొద్దుపళ్ళతో ఎముక పగలగొడుతుంది. పని ఒకటే, పనిముట్టు వేరు! ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళైతే ఒకే పనిముట్టు వాడేవాళ్ళు కారా?

"ఏ గుంపులో వేస్తేనేం, దుమ్ములగొండికి ఏం నష్టం?" అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. దుమ్ములగొండికి నష్టం లేదు. కాని వర్గీకరణ ఉత్త పేర్ల పట్టిక కాదు. ఒక జంతువు గురించి తెలిస్తే దాని చుట్టాల గురించి కొంత ఊహించవచ్చు. ఇందుకు ఉదాహరణ ఈ జూపార్కులోనే జరిగింది. 2021లో కోవిడ్ రెండో విజృంభణ సమయంలో ఇక్కడి ఆసియా సింహాలకు శ్వాస ఇబ్బంది లక్షణాలు కనిపించాయి. వాటికి మత్తు ఇచ్చి ముక్కునుంచీ గొంతునుంచీ నమూనాలు తీశారు. సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల పరీక్షించింది. ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్టు మే 4న ప్రకటించారు. సింహాలు కోలుకున్నాయి. అంతకు ఏడాది ముందే, 2020 ఏప్రిల్‌లో, న్యూయార్కు బ్రాంక్స్ జూలో పులికి అదే జబ్బు వచ్చింది. ఇంటిపిల్లులకు సోకుతుందని కూడా తెలిసింది. వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ప్రోటీన్ దగ్గరి చుట్టాలలో దాదాపు ఒకేలా వుంటుంది. కనుక పిల్లికుటుంబం విషయంలో జాగ్రత్తపడాలని చెప్పడానికి వర్గీకరణ తెలిసినవాడికి జోస్యం అక్కర్లేదు.

అదే సంవత్సరం నవంబరులో అమెరికాలోని డెన్వర్ జూలో రెండు మచ్చల దుమ్ములగొండులకూ కోవిడ్ సోకింది. "చూశారా, పిల్లి చుట్టమని రుజువైంది!" అనేయకండి. 2020లో డెన్మార్కు దేశంలో కోవిడ్ సోకి లక్షలాదిగా చంపివేయవలసి వచ్చిన మింకు అనే జంతువులు కుక్కల వైపువి. చుట్టరికం మనకు సూచన ఇస్తుంది, తీర్పు ఇవ్వదు. పరీక్ష చేయవలసిందే.

ఈనాడు శాస్త్రజ్ఞులు ఎముకలతోపాటు డి.ఎన్.ఎ.ను కూడా పోల్చి చూస్తున్నారు. పుర్రె కింద ఫ్లవర్ చదివిన విషయాన్ని డి.ఎన్.ఎ. బలపరిచింది. కుక్కల దారీ పిల్లుల దారీ 4 కోట్ల సంవత్సరాలకు పైగా క్రితమే విడిపోయాయి, దుమ్ములగొండి పిల్లుల దారిలోనే వచ్చింది. అయితే ఫ్లవర్ కాలంలో తేలని ఒక సంగతిని కూడా డి.ఎన్.ఎ. బయటపెట్టింది. పిల్లుల వైపున్న వాటిలో దుమ్ములగొండికి దగ్గరి చుట్టం పిల్లి కాదు, పులి కాదు. ముంగిస!

అవును, పాముతో పోరాడే ఆ చిన్న ముంగిసే. గోల్కొండ వైపు రాళ్ళసందుల్లోనో, ఏ పాత గోడ పక్కనో అది పొట్టికాళ్ళతో గబగబా పరుగెత్తడం మీరు చూసే వుంటారు. ఈసారి జూపార్కుకు వెళ్ళినప్పుడు దుమ్ములగొండి ముందు ఐదు నిమిషాలు నిలబడండి. దాని మూతి, చెవులు, పాదాలు, నడక వరసగా నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంటికి వచ్చాక మరో పేజీలో ముంగిస గురించి మీరు చూసినవి రాయండి. రెండు పేజీలూ పక్కపక్కన పెడితే పోలిక ఒక్కటైనా కనబడుతుందేమో చూడండి.