గడప దాటిన ఓటు

రాజనీతి శాస్త్రం చెప్పేవాడికి ఎన్నికల మరునాడు తరగతిలో తప్పని ప్రశ్న ఒకటుంది. “సార్, మొన్నటిదాకా వీళ్ళ జెండా మోసినవాళ్ళే అటు ఓటేసిండ్రట గదా, ఎట్ల వేసిండ్రు?” అడిగే గొంతులోనే సగం తీర్పు వినబడుతుంది. అటు వేసినవాడు ద్రోహి, లేకపోతే అమ్ముడుపోయినవాడు. ఫలితాలు వచ్చిన తర్వాత ఊళ్ళల్లో అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడం, శుభకార్యాలకు పిలుపులు ఆగిపోవడం యీ తీర్పు వల్లనే. ఇంత తేలికగా తీర్పు చెప్పే ముందు ఆ ఓటరు మనసులో ఏముందో కాస్త నిదానంగా చూడాలని నాకు చాలాకాలంగా అనిపిస్తున్నది. ఈ వ్యాసం అందుకే.

ముందు మాట ఒకటి తేల్చుకోవాలి. అమెరికాలో ఒక పార్టీ తన అభ్యర్థిని నిలబెట్టే ముందు ఓటర్లచేతనే ఎంపిక చేయిస్తుంది. దాన్ని ప్రైమరీ అంటారు. ఒకే పార్టీలోని ఇద్దరు నెలల తరబడి ఒకరినొకరు తిట్టుకుని, చివరకు ఒకరు గెలుస్తారు. ఓడినవాని మనుషులు తర్వాత అసలు ఎన్నికలో ఏం చేస్తారన్నది అక్కడి పెద్ద ప్రశ్న. మన దగ్గర ప్రైమరీ లేదు. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు కాంగ్రెస్ పార్టీ పదిహేను పదహారు నియోజకవర్గాల్లో అలాంటిది పెట్టి చూసింది. వడోదరలో అలా ఎంపికైన అభ్యర్థి తర్వాత తప్పుకుంటే మధుసూదన్ మిస్త్రీని నిలబెట్టారు. ఆ ప్రయోగం అంతటితో సరి. మన ప్రైమరీ బి-ఫారం దగ్గర జరుగుతుంది. ఢిల్లీలోనో హైదరాబాదులోనో పెద్దమనుషుల గది ముందు రెండు వర్గాలు రాత్రంతా కూర్చుంటాయి. తెల్లారేసరికి ఒకరి చేతిలో బి-ఫారం వుంటుంది, ఇంకొకరు స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేస్తారు. తేడా ఏమిటంటే అమెరికా ఓటరు తన ఓటుతో ఓడిపోతాడు, మన ఓటరు ఎవరూ అడగకుండానే ఓడిపోతాడు. మన కోపం కొంచెం ఘాటుగా వుండడానికి యిది ఒక కారణం.

2008లో అమెరికాలో డెమోక్రటిక్ పార్టీలో హిల్లరీ క్లింటన్‌కూ, బరాక్ ఒబామాకూ జరిగిన పోటీ యీ విషయంలో మంచి పాఠం. ఆ మార్చిలో గాలప్ సంస్థ అడిగితే, ఒబామా అభ్యర్థి అయితే మేము ఎదుటి పార్టీ మెకెయిన్‌కే వేస్తామని హిల్లరీ పక్షంవారిలో నూటికి 28 మంది చెప్పారు. జూన్ 7న ఆమె తప్పుకుని ఒబామాకు మద్దతు ప్రకటించారు. నవంబరులో నిజంగా అటు వేసినవారు, వేర్వేరు సర్వేల లెక్కల్లో, ఆరుగురిలో ఒకరి నుంచి నలుగురిలో ఒకరి దాకా తేలారు. అంటే వేసవిలో అన్నమాట కొంత చల్లారింది, కొంత చల్లారలేదు.

ఆ చల్లారని భాగమే మనకు కావలసింది. పశ్చిమ వర్జీనియా రాష్ట్రం చూడండి. అక్కడ ప్రైమరీలో హిల్లరీకి దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చాయి. నవంబరులో ఆ రాష్ట్రం మెకెయిన్‌ది అయింది. అలిగి దాటారని పేపర్లు వ్రాశాయి. కాని ఆ రాష్ట్రం 2000లోనూ, 2004లోనూ బుష్‌కే వేసింది. అక్కడ చాలామంది పేరుకు డెమోక్రాట్లు. తాతలనాటి గని కార్మిక సంఘాల అలవాటుకొద్దీ ఆ పుస్తకంలో పేరుంది. ప్రెసిడెంటు ఎన్నిక వచ్చేసరికి మనసు ఎప్పుడో అటు పోయింది. ప్రైమరీ పోట్లాట వాళ్ళకు కారణం కాదు, ఒక సాకు. ఒబామా నల్లజాతివాడన్న సంగతి కొందరికి అంతకన్నా బలమైన కారణం అయివుండవచ్చు. అది పైకి చెప్పేమాట కాదు గనుక సర్వేకు పూర్తిగా దొరకదు.

ఇక మన ఇంటికి వద్దాం. పార్టీలోపలి పంతం పార్టీ గోడలు దాటిన సంగతుల్లో 1969 రాష్ట్రపతి ఎన్నికను మించినది లేదు. ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ తెలుగువాళ్ళే. బెంగుళూరు సమావేశాల్లో కాంగ్రెస్ పెద్దలు ఇందిరాగాంధీ ఇష్టానికి భిన్నంగా నీలం సంజీవరెడ్డిని ఎంపిక చేశారు. వరాహగిరి వెంకటగిరి స్వతంత్రుడుగా నిలబడ్డారు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయవచ్చునన్నారు ఇందిర. ఆ మాట అప్పటినుంచి తెలుగు పత్రికల్లో స్థిరపడిపోయింది. ఆగస్టు 20న లెక్కిస్తే మొదటి ప్రాధాన్యపు ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు పడిన ఓట్లలోని రెండో ప్రాధాన్యం కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ తేలింది. సొంత పార్టీవారే దాటినందువల్ల సొంత పార్టీ అభ్యర్థి ఓడిపోయాడు. మరి దాటినవాళ్ళంతా ఆత్మ చెప్పిందే విన్నారా? కొందరు విన్నారు. కొందరు ఇందిర గెలుస్తుందని లెక్క వేశారు. కొందరికి బ్యాంకుల జాతీయకరణ నచ్చింది. ఆ సంగతి జరిగి అప్పటికి నెలే అయింది. కొందరికి సంజీవరెడ్డితో పాత లెక్కలున్నాయి. ఒకే ఓటు, నాలుగు కారణాలు. అందరికీ కలిపి ఒకే గౌరవప్రదమైన పేరు.

అక్కడ ఓటు వేసింది శాసనసభ్యులూ, ఎంపీలూ. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో పార్టీ విప్‌ను కాదన్న సభ్యుడికి పదవి పోతుంది. సామాన్య ఓటరుకు ఏ విప్పూ లేదు. అతడు దాటితే అడిగేవాడు లేడు, సంజాయిషీ ఇవ్వనక్కర లేదు. అందుకే అతని కారణం తెలుసుకోవడం కష్టం, తెలిస్తే విలువైనది.

సిద్దిపేట యీ చదువుకు అచ్చంగా తగిన ఊరు. 1970 ఉపఎన్నికలో అనంతుల మదన్‌మోహన్ తెలంగాణ ప్రజాసమితి మనిషిగా ఇక్కడ గెలిచారు. 1971లో సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1972లో ఆయనే కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. ముఖ్యమంత్రి వెంగళరావు, యంత్రాంగం, పార్టీ ఆఫీసులు అన్నీ బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్ వైపు వుండిపోయాయి. ఇందిర చేతిలో కొత్త పార్టీ, ‘చెయ్యి’ అనే కొత్త గుర్తు మాత్రమే వున్నాయి. ఫిబ్రవరిలో రాష్ట్రంలోని 294 స్థానాల్లో ఆమెకు 175, జనతాకు 60, పాత కాంగ్రెస్‌కు 30 వచ్చాయి. సిద్దిపేటలో మదన్‌మోహన్ చేతి గుర్తుమీద గెలిచారు. ఇప్పుడు చెప్పండి, 1977లో కాంగ్రెస్‌కు వేసి 1978లో ఇందిరకు వేసిన రైతు పార్టీ దాటినట్టా, దాటనట్టా? కాగితం మీద దాటాడు. అతన్ని అడిగితే, “నేను ఎటు పోయిన? పార్టీయే రెండయ్యింది, మా అమ్మ ఎటుంటే అటే వేసిన” అంటాడు. గీత మనం గీసుకున్నది ఒకచోట వుంది, అతడు గీసుకున్నది ఇంకోచోట వుంది.

1983 వచ్చింది. ఎన్‌.టి. రామారావు గాలికి తెలుగుదేశం 201 స్థానాలు గెలిచింది. సిద్దిపేటలో మాత్రం కాంగ్రెస్‌లో మదన్‌మోహన్ దగ్గర రాజకీయం నేర్చుకుని తెలుగుదేశంలోకి పోయిన కె. చంద్రశేఖరరావు, ఆ గురువు చేతిలోనే 877 ఓట్ల తేడాతో ఓడిపోయారు. రాష్ట్రమంతా దాటిన ఏడాది యీ ఊరు దాటలేదు, ఒక్క వెంట్రుకవాసిలో ఆగిపోయింది. 1985లో చంద్రశేఖరరావు గెలిచారు. 1989లో రాష్ట్రం తిరిగి కాంగ్రెస్ వైపు పోతే సిద్దిపేట మళ్ళీ ఎదురు నడిచింది. అదే గురువు కాంగ్రెస్ తరఫున నిలబడి అదే శిష్యుని చేతిలో ఓడిపోయారు. మనిషి మీద అభిమానం గూడా ఒకనాటికి అరిగిపోతుందని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే అంతా వ్యక్తిపూజ అని ఒక్కమాటలో కొట్టేసి లేచిపోతాము.

అసలు పరీక్ష 2001ది. 1999లో చంద్రశేఖరరావు తెలుగుదేశం తరఫున 27 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అంతకుముందు మంత్రిగా వున్న ఆయనకు యీసారి డిప్యూటీ స్పీకర్ పదవి ఇచ్చారు. 2001 ఏప్రిల్‌లో పదవికీ, పార్టీకీ, శాసనసభ్యత్వానికీ రాజీనామా చేసి 27న తెలంగాణ రాష్ట్ర సమితి పెట్టారు. సెప్టెంబరు ఉపఎన్నికలో తెలుగుదేశం మీద 58 వేలకు పైచిలుకు ఆధిక్యం వచ్చింది. రెండేళ్ళ క్రితం సైకిలుకు వేసినవారిలో అత్యధికులు ఆ సైకిలునే ఓడించారన్నమాట. మంత్రి పదవి రాకనే పోయాడని ఎదుటివాళ్ళు అన్నారు. సరే, అది నాయకుని కారణం అనుకుందాం. ఓటరుకు ఏ మంత్రి పదవి పోయింది? నాయకుని కారణాన్ని ఓటరుకు అంటగట్టడం మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. సిద్దిపేట ఓటరు 1970లోనే తెలంగాణ మాట మీద ఒకసారి కాంగ్రెస్‌ను కాదన్నాడు. ఆ మాట పార్టీల కింద ముప్పై ఏళ్ళు నిద్రపోయింది. 2001లో జరిగింది అలక కాదు, పాత అభిప్రాయానికి మళ్ళీ ఒక గుర్తు దొరకడం. దానికి తోడు “మనోడికి ఇజ్జత్ లేకుంట చేసిండ్రు” అనే భావమూ వుంది. ఇజ్జత్ అన్నది ఇక్కడ చిన్నమాట కాదు. మా నాయకుని చిన్నచూపు చూస్తే మా ఊరిని చూసినట్టే అని పల్లె లెక్క.

ఇంకొక రకం దాటుడు గూడా మన జిల్లాలోనే చూశాము. దుబ్బాకలో 2018లో టీఆర్‌ఎస్ ఆధిక్యం 60 వేలు దాటింది. శాసనసభ్యుడు చనిపోగా 2020 నవంబరులో ఉపఎన్నిక వస్తే ఆయన భార్యకు టికెట్ ఇచ్చారు. అదే పార్టీలో టికెట్ ఆశించిన, మాజీ మంత్రి కుమారుడు కాంగ్రెస్‌లోకి పోయి పోటీచేశారు. గెలిచింది రఘునందనరావు, భారతీయ జనతాపార్టీ, వెయ్యి పైచిలుకు ఓట్లతో. 2018లో ఆయన మూడోస్థానంలో వున్నారు. విచిత్రమేమంటే టికెట్ రాక బయటికి పోయిన అభ్యర్థి దగ్గరికి ఓట్లు పోలేదు, ఆయనా మూడోస్థానంలో మిగిలారు. కోపం వచ్చినవాడు తన కోపానికి కారణమైన మనిషికే వేయాలని లేదు. ఎవరికి వేస్తే దెబ్బ తగులుతుందో వాళ్ళకు వేస్తాడు. 2023లో ఆ స్థానం మళ్ళీ 50 వేలకు పైగా తేడాతో పాత పార్టీకే వచ్చింది. ఉపఎన్నికలో ప్రభుత్వం పడిపోదు, అందుకని ఒక హెచ్చరిక చేయడానికి ఖర్చు తక్కువ. “ఒకసారి సురుకు పెట్టి సూద్దాం” అన్న ఓటు యిది. దీన్ని పార్టీ మార్చుకోవడం అనరాదు.

డబ్బు సంగతి ఎత్తకపోతే విద్యార్థులు నవ్వుతారు. డబ్బు పంచడం వుంది, మందు వుంది, ఎవరూ కాదనరు. కాని పెద్ద పార్టీలు రెండూ పంచిన చోట ఒక పక్క గెలుపుకు డబ్బే కారణమని ఎలా అంటాము? రెండు చేతులా తీసుకున్నవాడు వేలు పెట్టేటప్పుడు ఇంకేదో చూసుకున్నాడు. ఆ ఇంకేదో ఏమిటన్నదే పరిశోధన.

ఈ పరిశోధన చేయదలచిన మన విద్యార్థులకు ఒక జాగ్రత్త చెప్పాలి. నియోజకవర్గం మొత్తం ఓట్లు చూసి ఎవరు దాటారో చెప్పలేము. ఒక పార్టీకి పదివేలు తగ్గి ఇంకోదానికి పదివేలు పెరిగితే ఆ పదివేలమందే నడిచిపోయారని అర్థం కాదు. ఇటు కొందరు ఇంట్లోనే కూర్చుని వుంటారు, అటు కొత్త ఓటర్లు వచ్చి వుంటారు. అలిగినవాళ్ళలో అటు వేసేవారికన్నా అసలు వేయనివారే ఎక్కువ వుండవచ్చు. 2013 నుంచి నోటా మీట ఒకటుంది, కొందరి అలక అక్కడ ఆగుతుంది. కనుక ఫారం 20 తెచ్చుకోండి. ఎన్నికల అధికారి తయారుచేసే ఆ పట్టీలో ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని పడ్డాయో వుంటుంది. ఒక మండలంలో పది ఊళ్ళు తీసుకుని రెండు ఎన్నికల పట్టీలు పక్కపక్కన పెట్టండి. టికెట్ పోయిన నాయకుని సొంత ఊళ్ళోనే ఓట్లు కదిలాయా, అన్నిచోట్లా సమానంగా కదిలాయా చూడండి. సొంత ఊళ్ళోనే కదిలితే మనిషి మీది అభిమానం. అన్నిచోట్లా కదిలితే కారణం ఆ టికెట్ కాదు, ఇంకా లోతుగా వుంది. కేంద్రాల సరిహద్దులు మారివుంటే మాత్రం పోలిక చెడుతుంది, అది ముందే సరిచూసుకోవాలి.

తర్వాత ఆ ఊళ్ళకు వెళ్ళండి. “ఎవరికి వేసినవు” అని అడగవద్దు, అది రహస్యం, అడిగినా నిజం రాదు. “మీ ఊళ్ళో జనం యీసారి ఎందుకట్ల చేసిండ్రు?” అని అడిగితే ముసలివాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి చెరువు తూము దగ్గర్నుంచి మొదలుపెడతారు. విసుక్కోకండి. తూములోనో, ఆగిపోయిన పింఛనులోనో, ఒక పలకరింపు లేకపోవడంలోనో ఆ ఊరి సమాధానం వుంటుంది. నోటుబుక్కు బయటికి తీయకుండా విని, బస్సు ఎక్కాక వ్రాసుకోండి.