హనుమకొండలో రెండు జాజ్ సాయంత్రాలు, ఒక ఆల్బమ్

జాన్ మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందం 2000 డిసెంబరులో ముంబైలో వరుసగా రెండు రాత్రులు కచేరీ చేసింది. ఆ రెండు రాత్రుల రికార్డింగే మరుసటి ఏడాది 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' అన్న ఆల్బమ్‌గా వచ్చింది. బృందానికి పెద్ద గిటారిస్టు మెక్‌లాఫ్లిన్. ఆయన పక్కన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కూర్చున్నది మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. గిటారు విసిరిన సంగతిని మాండలిన్ అందుకుని, దాన్ని ఇంకో మలుపు తిప్పి వెనక్కి ఇస్తుంటే జనం ఊపిరి బిగబట్టడం కూడా ఆ సంగీతంలో భాగమే అనిపిస్తుంది. స్టూడియోలో అద్దాల గదుల్లో విడివిడిగా కూర్చుంటే అది దొరకదు.

అలాంటి ఆల్బమ్ ఓరుగల్లులో చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోవచ్చు. గిటారు, కీబోర్డు, బేస్, డ్రమ్స్ వాయించే నలుగురు, ఒక మంచి హాలు, అద్దెకు దొరికే డిజిటల్ మిక్సర్, ఓపిక ఉన్న సౌండ్ ఇంజినీరు ఉంటే చాలు. కాకపోతే వేదిక మీద జరిగినదాన్ని తర్వాత దిద్దుకునే వీలు చాలా తక్కువ. అందుకే పనిలో ముప్పాతిక వంతు మొదటి స్వరం మోగకముందే అయిపోవాలి.

మొదటి పని బాణీలు ఎంచుకోవడం. ఏడెనిమిది చాలు, అవీ సొంతవైతే హక్కుల తంటా ఉండదు. జాజ్ బాణీకి ముందు 'హెడ్' ఉంటుంది, అంటే అందరూ కలిసి వాయించే అసలు వరుస. తర్వాత అదే కార్డుల (కలిసి మోగే స్వరాల గుంపుల) చట్రం మీద ఒక్కొక్కరూ సోలో వాయిస్తారు, చివరికి మళ్లీ హెడ్‌కు వస్తారు. మన కచేరీలో పల్లవి పాడి కల్పనస్వరాలకు వెళ్లి మళ్లీ ఎత్తుగడకు చేరుకోవడం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. ఒక్కో బాణీకి ఒక్కటే కాగితం. దాని మీద వరుస, కార్డులు, సోలోల క్రమం రాసుకోవాలి. రిహార్సల్లో సోలోలు అరగదీయొద్దు. సాధన చేయాల్సింది మొదలెట్టే వేగం, ఒకరి సోలో నుంచి ఇంకొకరికి మారే చోటు, ముగింపు. నాయకుడి తల ఊపు చూసి నలుగురూ ఒకేసారి దిగగలిగితే మధ్యలో ఎంత దూరమైనా వెళ్లి రావచ్చు. నాయకుడైన గిటారిస్టు ఇంకో విషయం నేర్చుకోవాలి. కీబోర్డు సోలో నడుస్తున్నప్పుడు తాను కార్డులు తగ్గించుకోవాలి, కొన్నిసార్లు పూర్తిగా ఆపేయాలి. నాయకత్వం ఎక్కువగా అక్కడే వినిపిస్తుంది.

కచేరీ ఒక్క సాయంత్రం కాకుండా రెండు సాయంత్రాలు పెట్టుకోవాలి, అవే బాణీలు రెండు రోజులూ వాయించాలి. మొదటి రోజు చేతులు కాస్త బిగుసుకుంటాయి, రెండో రోజుకు హాలు పరిచయమైపోతుంది. పియానిస్టు బిల్ ఎవాన్స్ త్రయం 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ఒకే రోజు ఐదు విడతలు వాయించింది. అందులోంచి ఏరిన బాణీలనే లోకం ఇప్పటికీ వింటోంది.

తేదీ ఖాయం చేసేముందు పంచాంగం చూడాలి. మూఢనమ్మకం కాదు, ముహూర్తాల రోజుల్లో సౌండ్ సిస్టం వాళ్లెవరూ ఖాళీగా దొరకరు. పైగా ఏ వీధిలోంచి బారాత్ డీజే బయల్దేరుతుందో చెప్పలేం. ఆ బేస్ మోత గోడలు దాటి మైకుల్లోకి వచ్చేస్తుంది. ఎండాకాలమూ వద్దు, ఏసీలు, ఫ్యాన్లు ఆపి జనాన్ని కూర్చోబెట్టలేం. చలికాలమే మేలు. హాలు విషయానికొస్తే కాళోజీ కళాక్షేత్రం ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పేరిట కళాప్రాంగణం ఉంది. ఒక్క గొంతును మైకు ముందు వందల గొంతులుగా మార్చిన మనిషి పేరున్న చోట మైకుల పని చేయడం నాకు ఎంతో ఇష్టంగా అనిపిస్తుంది. అయినా నలుగురు వాయించే జాజ్‌కు రెండు వందల మంది పట్టే కాలేజీ సెమినార్ హాలయినా చాలు. ఏ హాలైనా నడిమధ్య నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టి వినండి. చప్పుడు వెంటనే ఆరిపోతే పొడిగా ఉంటుంది, గోడల మధ్య టకటకా కొట్టుకుంటే తెరలు, తివాచీలు కావాలి. జనం నిండితే మోత కొంత తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది కరెంటుకు. మన సరఫరా 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేకపోయినా, గిటారు యాంప్ ఒక లైనులోంచి, మిక్సర్ ఇంకో లైనులోంచి కరెంటు తీసుకున్నా ఆ 50, దాని పైనున్న 100, 150 'హమ్‌'గా రికార్డులో కూర్చుంటాయి. డ్రమ్స్ మోగుతున్నంతసేపూ తెలియదు, గిటారు ఒంటరిగా నెమ్మదిగా ఎత్తుకున్న చోట తుమ్మెదలా వినిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను ముందు రోజే పిలిపించి ఎర్తింగ్ చూపించాలి. వేదిక మీది వాద్యాలకూ మిక్సర్‌కూ ఒకే ఫేజు నుంచి లైను లాగించాలి, లైట్ల డిమ్మర్లను వేరే ఫేజు మీద పెట్టించాలి. ఎర్తింగ్ పిన్ను పీకేస్తే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, అది ప్రాణాల మీదికొస్తుంది. తర్వాత గిటారిస్టు గిటారు తగిలించుకుని, తీగలు ముట్టకుండా వేదిక మీద మెల్లగా ఒక చుట్టు తిరగాలి. సింగిల్ కాయిల్ పికప్ అయితే ఒక దిక్కుకు హమ్ పెరుగుతుంది, ఇంకో దిక్కుకు దాదాపు మాయమవుతుంది. మాయమైన చోట నేల మీద టేపు ముక్క అతికిస్తే ఆయన స్థానం అదే.

జనరేటర్ ఉన్నా సరే మిక్సర్‌కూ రికార్డ్ చేసే ల్యాప్‌టాప్‌కూ యూపీఎస్ తప్పనిసరి. ఎవాన్స్ రికార్డింగులోనూ ఆ రోజు మొదటి బాణీ 'గ్లోరియాస్ స్టెప్' నడుస్తుండగా క్షణకాలం కరెంటు పోయి టేపులో గండి పడింది. వాళ్లు అదే బాణీని మళ్లీ వాయించారు కాబట్టి ఆల్బమ్‌కు లోటు రాలేదు.

ఇక మైకులు. డ్రమ్స్‌కు నాలుగు, బేస్‌కు నేరుగా ఒక లైను, యాంప్ ముందు ఒక మైకు, కీబోర్డుకు రెండు లైన్లు, గిటారు యాంప్‌కు రెండు మైకులు, మాటలకు ఒకటి, జనానికి రెండు. మొత్తం పదమూడు ట్రాకులు. గిటారు యాంప్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పని చేయాలి. మైకును జాలీ గుడ్డకు రెండు మూడు అంగుళాల దూరంలో, స్పీకరు కోన్ సరిగ్గా నడిమధ్యకు కాకుండా కొంచెం పక్కకు పెట్టాలి. మధ్యకు జరిపితే స్వరం గుచ్చుకుంటుంది, అంచుకు జరిపితే మబ్బు కమ్ముతుంది. అంగుళం తేడాతో మనిషి గొంతే మారినట్టుంటుంది. రెండో మైకు మూడు నాలుగు అడుగుల వెనక్కి. జనం మైకులను హాలు చివర పెట్టొద్దు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే నడుస్తుంది కాబట్టి 17 మీటర్ల వెనకున్న మైకుకు వేదిక శబ్దం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరి ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. వేదిక అంచున రెండు మూలలా పెట్టి ముఖం జనం వైపు తిప్పండి.

ప్రతి మైకూ తన ట్రాకులోకి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో విడిగా వెళ్లాలి. ఒక్కో ట్రాకుకు గంటకు 518 ఎంబీ పడుతుంది, అంటే రెండు గంటల కచేరీకి పదమూడు ట్రాకులకు పదమూడున్నర జీబీ. పెద్ద భారమేం కాదు, కనుక రెండు డిస్కుల్లో ఒకేసారి రికార్డ్ చేయండి. సౌండ్ చెక్‌లో అందరూ గట్టిగా వాయించినప్పుడు లెవల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ ఖాయం చేసి, కచేరీ అయ్యేదాకా ఎవరూ దాన్ని ముట్టకూడదు. హాలులో వాల్యూమ్ మార్చాలంటే ఫేడర్లున్నాయి. నలుగురూ దగ్గర దగ్గరగా, ఒకరి చేతులు ఒకరికి కనిపించేలా నిలబడితే మానిటర్ల మోత సగానికి తగ్గించవచ్చు.

కచేరీ రాత్రి ఒకరికి ఒకే పని ఇవ్వండి. నోటుబుక్కు, గడియారం పట్టుకుని ఏ నిమిషానికి ఏం జరిగిందో రాసుకోవాలి. తీగ తెగడం, ఎవరిదో ఫోను మోగడం, ఒళ్లు గగుర్పొడిచిన సోలో, అన్నీ. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో జనానికి నేర్పాల్సిన పని లేదు. ఒగ్గు కథ ముందు కూర్చున్న ఊరికి ఎక్కడ పలకాలో తెలుసు.

తర్వాత వారం రోజులు రికార్డింగ్ జోలికి పోవద్దు. చేతులకు గుర్తున్నంతకాలం వాయించినవాడు తన తప్పులే వింటాడు. వారం తర్వాత నలుగురూ కూర్చుని రెండు రాత్రుల్లో ఏ బాణీ ఏ రోజు బాగుందో తేల్చాలి. ఎంచుకుంటే బాణీ మొత్తం ఆ రాత్రిదే కావాలి. మొదటి రాత్రి సోలో తెచ్చి రెండో రాత్రి హెడ్‌కు అతికిస్తే, మెట్రోనోమ్ లేకుండా వాయించారు కాబట్టి వేగం కలవదు, కలిసినా డ్రమ్స్ మైకుల్లోకి కారిన గిటారు గుట్టు బయటపెట్టేస్తుంది. ఒకటి రెండు తప్పు స్వరాలున్నా ప్రాణమున్న టేకుకే నా ఓటు. సరిపడా సరుకు లేకపోతే స్టూడియోకు వెళ్లడంలోనూ నామోషీ లేదు. గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ 1965 నాటి 'స్మోకిన్ ఎట్ ది హాఫ్ నోట్‌'లో రెండు బాణీలే హాఫ్ నోట్ క్లబ్బులోవి, మిగతా మూడూ స్టూడియోలో వాయించినవి. అయితే ఆ సంగతి అట్ట మీద చెప్పడం శ్రోతకు మనమిచ్చే మర్యాద.

మిక్సింగ్‌లో డ్రమ్స్ పైనున్న రెండు మైకులతో మొదలుపెట్టి, వేదిక మీద ఎవరు ఏ పక్కనున్నారో వాళ్లను ఆ పక్కకే సర్దాలి. బాణీకీ బాణీకీ మధ్య పూర్తి నిశ్శబ్దం పెట్టొద్దు, హాలు గాలి చప్పుడు సన్నగా నడుస్తూ ఉండాలి. మాస్టరింగ్‌లో సినిమా పాటతో పోటీ పడి సౌండు పెంచితే మెల్లని చోట్లు చచ్చిపోతాయి. విడుదలకు అట్ట, ప్రతి బాణీకీ రికార్డింగును గుర్తించే ఐఎస్ఆర్‌సీ నంబరు, ఎవరికెంత వాటా అన్న ఒప్పంద పత్రం కావాలి. ఆ పత్రం మీద సంతకాలు కచేరీకి ముందే అయిపోవాలి.

ఆల్బమ్‌లో చేరని టేకుల్ని చెరిపేయకండి. గిటారిస్టు జిమ్ హాల్ 1975 జూన్‌లో టొరంటో బర్బన్ స్ట్రీట్ క్లబ్బులో ముగ్గురి బృందంతో వాయిస్తే, ఆ కచేరీలను టేపుకెక్కించింది పక్కనే బేస్ వాయిస్తున్న డాన్ థాంప్సన్. అదే ఏడాది 'జిమ్ హాల్ లైవ్!' వచ్చింది. మిగిలిన టేపుల్లోంచి 2012లో ఇంకో మూడు భాగాలు వచ్చాయి. కాబట్టి పదమూడు ట్రాకుల మూల ఫైళ్లు, తేదీ రాసిన ఆ నోటుబుక్కు, బాణీల కాగితాలు కలిపి ఒక డిస్కు గిటారిస్టు ఇంట్లో, ఇంకోటి వేరొకరి ఇంట్లో ఉంచండి. ఏడాదికోసారి తెరిచి, ఫైళ్లు పలుకుతున్నాయో లేదో చూసుకోండి.