పశువులు మెలగు ఇంట అలారము సెన్సారు ఎచట పెట్టవలెను?

బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు ప్రాంతములలో రైతు ఇల్లనగా మనుష్యులు మాత్రమే ఉండు చోటు కాదు. వసారాలో కుక్క, ధాన్యపు గదిలో పిల్లి, గంప క్రింద కోళ్లు, పెరటి కొట్టములో గేదెలు, ఆ ప్రక్కనే గొర్రెల దొడ్డి ఉండును. కందులు, మిరపకాయలు మంచి ధర వచ్చువరకు ఇంటిలోనే నిలువ ఉండును. పనులకై కుటుంబమంతయు హైదరాబాదు పోయిన ఇండ్లలో తలుపునకు తాళము, జీవాలకు పొరుగువారి కాపు. కావుననే కదలికను పసిగట్టి మ్రోగు అలారములను కొను రైతులు ఇటీవల కనబడుచున్నారు.

అయితే అంగడిలో చెప్పు సలహా మనుష్యులు మాత్రమే తిరుగు గదికి తగినది. దానిని అట్లే మన ఇంటిలో బిగించినచో పిల్లి దూకినను, గేదె లేచి నిలిచినను సైరన్ కూయును. మూడు రాత్రులు నిద్ర చెడిన పిమ్మట నాలుగవ రాత్రి ఇంటివారే స్విచ్చి తీసివేయుదురు. ‘నాన్నా, పులి’ అని అరచిన పిల్లవాని కథయే ఇది. గొర్రెలను ఆటోలోనికి ఎక్కించుకొని పోవు రాత్రి ఆ యంత్రము గోడమీద మౌనముగా ఉండును.

ఈ చిక్కు ఎందుకు వచ్చుచున్నదో తెలియవలెనన్న, సెన్సారు చూచు తీరు కొంచెము తెలిసికొనవలెను. ఇండ్లలో ఎక్కువగా వాడునది పి.ఐ.ఆర్. సెన్సారు. ఇది ఏ కిరణమును వెలువరింపదు. ప్రతి ప్రాణి దేహమునుండి కంటికి కనబడని వేడి కిరణములు వచ్చుచుండును. సెన్సారు ముందున్న తెల్లని ప్లాస్టిక్ కటకము ఎదుటి స్థలమును విసనకఱ్ఱ పుల్లల వలె అనేక పాయలుగా విడదీసి చూచును. వెచ్చని దేహము ఒక పాయనుండి మరియొక పాయలోనికి దాటినపుడు వేడిలో కలుగు మార్పును బట్టి అలారము మ్రోగును. కనుక సెన్సారునకు ఎదురుగా నడచి వచ్చువానికంటె అడ్డముగా నడచువానిని అది త్వరగా పట్టును.

వేడిని బట్టి మనిషిని, జంతువును వేరు చేయుట కుదరదు. మన దేహపు వేడిమి 37 డిగ్రీల సెంటిగ్రేడు. కుక్కకు, గేదెకు సుమారు 38.5, గొఱ్ఱెకు 39, కోడికి 41 డిగ్రీల వరకు ఉండును. యంత్రము దృష్టిలో ఇవన్నియు కదలు వెచ్చని వస్తువులే. ఆ లెక్కన కోడియే మనకంటె పెద్ద దొంగ!

“పెంపుడు జంతువులకు మ్రోగదు” అని పెట్టెమీద వ్రాసియుండు రకములు కలవు. 10 కిలోలనియు, 25 కిలోలనియు బరువును కూడ ముద్రింతురు. సెన్సారు బరువును తూచజాలదు. ఆ అంకె జంతువు పరిమాణమునకు ఒక గుర్తు మాత్రమే. ఇట్టి సెన్సారు నేలకు దగ్గరగా పోవు పాయలను తగ్గించి, చిన్న వేడిని లెక్కకు తీసికొనదు. తయారుచేయువారు చెప్పిన ఎత్తున, సామాన్యముగా 7 మొదలు 8 అడుగుల ఎత్తున, వంచక నిటారుగా బిగించిననే ఈ ఏర్పాటు పని చేయును. చాలమంది గది అంతయు కనబడవలెనని దానిని క్రిందికి వంచుదురు. అంతటితో ఆ గుణము పోవును. నేలమీద నడచు పిల్లికి మ్రోగని సెన్సారు, అదే పిల్లి మూటలమీదికి ఎక్కిన వెంటనే మ్రోగును. ఎదిగిన నెల్లూరు పొట్టేలు 35 కిలోలు దాటును; మేక ఎక్కని చోటు లేదు; గేదె సంగతి చెప్పనక్కరలేదు. కావున జంతువులు తిరుగు చోట మంచి సెన్సారు ఏదని వెదకుటకంటె, సెన్సారు చూపు జంతువుమీద పడకుండ చేయుట మేలు. గదిని కాక ద్వారమును కాపాడవలెను.

ధాన్యపు గదిని తీసికొనుడు. అలారము కొఱకు పిల్లిని బయటికి వెళ్లగొట్టినచో ఎలుకలు చేయు నష్టము దొంగ చేయు నష్టమునకు తీసిపోదు. ఈ గదికి కదలిక సెన్సారు వలదు. తలుపు రెక్కకు అయస్కాంతము, ద్వారబంధమునకు దాని జత స్విచ్చి బిగింపుడు. తలుపు తెరచుకొనిననే మ్రోగును. పిల్లి కిటికీ సందున ఎన్నిమార్లు రాకపోకలు చేసినను మ్రోగదు. వానాకాలమున కొయ్య తలుపు ఉబ్బి, గడియ వేసినను సందు మిగులుట కద్దు. ఆ సందు ఎక్కువైనచో తలుపు తెరచినట్లే యంత్రము భావించును గనుక రెండు ముక్కలను వీలైనంత దగ్గరగా అమర్చవలెను. ఇనుప తలుపునకు అందుకు తగిన రకమును అడిగి తీసికొనవలెను.

కొట్టము లోపల సెన్సారు పెట్టనే రాదు. పశువులు రాత్రియంతయు లేచుచు, పరుండుచు, తోక ఆడించుచునే ఉండును. కొట్టమునకును దొడ్డికిని వెలుపల, మనిషి రాదగిన దారికి అడ్డముగా, రెండు గుంజలకు కిరణపు సెన్సారు జతను బిగింపుడు. ఒకటి కిరణమును పంపును, రెండవది అందుకొనును. ఒకదానిమీద నొకటిగా రెండు కిరణములుండి, రెండును ఒక్కసారి తెగిననే మ్రోగు రకమును కొనుడు. ఆకు రాలినను, పిట్ట ఎగిరినను ఒకటే తెగును. నేలకు రెండున్నర, మూడు అడుగుల ఎత్తున పెట్టినచో కుక్క దాని క్రిందుగా పోగలదు.

సైరన్ ఎచట పెట్టవలెనన్నది ఎక్కువమంది ఆలోచింపని విషయము. దానిని కొట్టపు దూలమునకు కట్టిన ఇండ్లు కలవు. ఇది కూడదు. బెదరిన గేదె రక్తములో అడ్రినలిన్ చేరి, పాలు చేపుటకు కావలసిన ఆక్సిటోసిన్ పనిని అడ్డగించును. తెల్లవారి పిండునపుడు పాలు ఎగబట్టును. గొఱ్ఱెలు బెదరినచో ఒక మూలకు తోసికొని ఒకదానిమీద నొకటి పడును. అడుగున చిక్కిన పిల్లలు ఊపిరాడక చచ్చును. చూడి గొఱ్ఱెలకు ఈ త్రొక్కిడి మరింత ప్రమాదము. ఒక్క దొంగ తోలుకొనిపోవు జీవాలకంటె ఒక్క తప్పుడు కూతవలన పోవునవి ఎక్కువ కావచ్చును. సైరన్ మీరు పరుండు చోటనే ఉండవలెను. సిమ్ కార్డు వేసి ఫోనుకు కబురు పంపు రకమైనచో మరియు మంచిది. కొట్టము దగ్గర ఒక దీపము వెలిగిన చాలును.

మన ఎండలు ఇంకొక చిక్కు తెచ్చును. మే నెలలో 40 డిగ్రీలు దాటు ఈ ప్రాంతమున రేకుల కప్పు గల గది చీకటి పడిన తరువాత కూడ దేహమంత వెచ్చగా ఉండును. గోడకును మనిషికిని వేడిలో భేదము లేనపుడు పి.ఐ.ఆర్. సెన్సారు దాదాపు గ్రుడ్డిదగును. వేడిమిని బట్టి తన్ను తాను సరిచేసికొను రకములు కొంత మేలు గాని, వేసవిలో దానినొక్కదానినే నమ్మరాదు. తలుపు అయస్కాంతమునకు ఎండతో పని లేదు.

పామును ఈ సెన్సారు పట్టునని తలచువారు కలరు. పాము దేహము చుట్టునున్న గాలి వేడినే అనుసరించును గనుక సాధారణముగా పట్టదు. చిరుతను పట్టగలదు. నల్లమల అంచు గ్రామములవారు పెరటి అలారము మ్రోగిన వెంటనే కఱ్ఱ పట్టుకొని చీకటిలోనికి పరుగెత్తక, లోపలినుండి టార్చి వేసి చూచి, చిరుత అయినచో అటవీ శాఖకు తెలుపవలెను. అలారముతో విసిగి దొడ్డి చుట్టును కరెంటు తీగ లాగుట నేరము. దానివలన మొదట చచ్చునది మీ ఇంటివారో, పొరుగువాని ఎద్దో కావచ్చును.

ఇల్లు తాళము వేసి ఊరు పోవువారికై ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖ ఎల్.హెచ్.ఎం.ఎస్. అను పద్ధతిని ప్రవేశపెట్టినది. ప్రయాణపు తేదీలు ముందుగా తెలిపినవారి ఇంట కదలికను గుర్తించు కెమెరాను పోలీసులు అమర్చుదురు. మీ స్టేషనులో విచారింపుడు. ఆ కెమెరాకు కూడ పిల్లియు దొంగయు ఒకటిగా తోచవచ్చును. పిల్లిని, కోళ్లను లోపల మూసి పోక పొరుగింట అప్పగింపుడు.

అన్నియు బిగించిన పిమ్మట వారము దినములు సైరన్ తీగ ఊడదీసి, సెన్సారు మీది చిన్న దీపమును మాత్రము గమనింపుడు. రాత్రి ఏ వేళ వెలిగినది, అప్పుడు ఏ జంతువు కదలినది ఒక కాగితము మీద వ్రాసికొనుడు. ఏ జంతువువలన వెలిగినదో తెలిసిన, సెన్సారు దిశ మార్చుటయో, కటకపు క్రింది భాగమునకు లోపలినుండి పట్టీ అంటించుటయో చేయవచ్చును. ఏ జంతువును కదలకయే వెలిగినచో కటకము మీద బల్లియో సాలెపురుగో ఉన్నదేమో చూడుడు. చిన్న పురుగైనను కటకమునకు అంటి నడచినపుడు పెద్ద దేహము వలె తోచును. నెలకొకమారు పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ చూచి, ఇంటిలో ఒకరు రాత్రిపూట ఆ దారిన నడచి పరీక్షింపవలెను. పరీక్షించు ముందు పొరుగువారికి చెప్పుట మరువకుడు.