డైరెక్టర్ల బోర్డు కూర్పు – వ్యాపార విస్తరణ

వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఒక కంపెనీ వార్షిక నివేదికను చేతికి తీసుకొన్నప్పుడు ముందుగా లాభనష్టాల పట్టికను చూస్తాడు. డైరెక్టర్ల పేర్లున్న పుటను దాటిపోతాడు. కాని ఆ కంపెనీ రేపు ఏ రంగంలో అడుగుపెట్టగలదో, ఆ అడుగు ఎవరి మేలుకొరకో ఊహించడానికి ఆధారం ఆ పుటయే.

ఒక వ్యాపారంలో ఉన్న సంస్థ మరొక వ్యాపారంలో ప్రవేశించడాన్ని వైవిధ్యీకరణ అంటారు. ఇది రెండు విధములు. పాత వ్యాపారపు నైపుణ్యం, ముడిసరుకు, విపణి కొత్తదానికి కూడ ఉపకరించినచో అది సంబంధిత వైవిధ్యీకరణ. చక్కెర మిల్లు తనవద్ద మిగిలిన మొలాసిస్‌తో ఆల్కహాలు తయారుచేయడం ఇందుకు ఉదాహరణ. అట్టి లంకె లేనిది అసంబంధిత వైవిధ్యీకరణ.

మన డెల్టాలో ఇందుకు చక్కని నిదర్శనం కె.సి.పి. సంస్థ. 1941లో వెలగపూడి రామకృష్ణగారు ఉయ్యూరు చక్కెర మిల్లుతో ఆరంభించిన ఈ సంస్థ, తరువాత మాచర్లలో సిమెంటు పరిశ్రమను, మద్రాసు చెంత తిరువొత్తియూరులో భారీ యంత్రాల తయారీని చేపట్టినది. 1995లో చక్కెర విభాగం వేరొక కంపెనీగా ఏర్పడినది. స్థాపకుల కుటుంబమే నడిపే సంస్థలో సాహసానికి, సత్వర నిర్ణయానికి అవకాశం హెచ్చు. నష్టం వస్తే అది తమకే తగులుతుంది గనుక జాగ్రత్త కూడ సహజం. అయితే యజమానుల వాటా స్వల్పమై, పెట్టుబడి అంతా పరులదైనప్పుడు ఏమగును?

ఈ ప్రశ్నకు సమాధానం హైదరాబాదులో దొరికినది. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో చదివిన బి. రామలింగరాజు 1987లో సత్యం కంప్యూటర్స్‌ను స్థాపించారు. 2008 నాటికి అందులో స్థాపకుల వాటా పది శాతంకంటె తక్కువ. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అను రెండు సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు ఆమోదించినది. సాఫ్ట్‌వేరుకు, స్థలాలకు, రహదారులకు సంబంధమేమి? ఆ రెండు సంస్థలలోను రాజుగారి కుటుంబానికి గణనీయమైన వాటాలుండెను. మదుపరుల ఆగ్రహానికి కొన్ని గంటలలోనే ప్రతిపాదన రద్దయినది.

గమనింపదగిన విషయమేమనగా, ఆ బోర్డు కాగితంమీద ఉత్తమమైనది. తొమ్మిదిమందిలో అత్యధికులు బయటివారు. వారిలో మేనేజిమెంటు ఆచార్యులు, ఐ.ఐ.టి. మాజీ డైరెక్టరు, కేంద్రప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి కలరు. అయినను వారు చూడగలిగినది యాజమాన్యం ముందుంచిన లెక్కలనే. 2009 జనవరి 7న రామలింగరాజు వ్రాసిన లేఖతో అసలు సంగతి బయటపడినది. పుస్తకాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపుటకే మేటాస్ కొనుగోలును తలపెట్టినట్లు ఆ లేఖయే తెలిపినది. అనగా వైవిధ్యీకరణ అని పేరుపెట్టినది వ్యూహం కాదు, లోటుపై కప్పిన దుప్పటి.

దీనినుండి మూడు విషయాలు గ్రహింపవచ్చును. ఒకటి, బయటి డైరెక్టర్ల సంఖ్య మాత్రమే రక్షణ కాదు. లెక్కలను స్వయంగా పరిశీలించే మార్గం వారికుండవలెను. రెండు, కొత్త రంగంలో ప్రవేశించునప్పుడు ఆ రంగపు లోతుపాతులు తెలిసినవారు బోర్డులో అవసరం. మూడు, కొనేవారు, అమ్మేవారు ఒకే ఇంటివారైనప్పుడు తుది నిర్ణయం మిగిలిన వాటాదారులదే కావలెను.

ప్రభుత్వం ఆ బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించినది. 2009 ఏప్రిల్‌లో సంస్థ టెక్ మహీంద్రా చేతికి వచ్చినది. తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, స్టాక్ ఎక్స్‌ఛేంజిలో నమోదైన పబ్లిక్ కంపెనీల బోర్డులలో కనీసం మూడింట ఒక వంతు స్వతంత్ర డైరెక్టర్లుండవలెనని విధించినది. బంధుసంస్థలతో జరిపే లావాదేవీలపై ఆంక్షలు పెట్టినది.

ఈ సూత్రం పెద్ద కంపెనీలకే పరిమితం కాదు. పాల సహకార సంఘమైనా, విద్యాసంస్థ పాలకవర్గమైనా కొత్త శాఖ తెరిచేముందు తన సభ్యుల పట్టికను ఒకసారి చూచుకొనవలెను. కాదనగల సభ్యుడు, కాదనుటకు కావలసిన సమాచారం, రెండును ఉన్నచోటనే విస్తరణ అభివృద్ధి అగును. విద్యార్థులారా, రేపు మీలో కొందరు అట్టి బల్లలచుట్టు కూర్చుంటారు. సంతకానికి ముందు ప్రశ్న అడుగుట ఇప్పటినుండే అలవరచుకొనుడు.