పంటచేలలో అడవి పందుల నియంత్రణ: రైఫిల్ స్కోప్‌కు తగిన ఆవర్ధనాన్ని ఎంచుకొనే విధానం

పరిచయం

మొక్కజొన్న, వేరుశనగ, వరి, చెరకు వంటి పంటలకు తీవ్ర నష్టం కలిగించే సకశేరుక చీడలలో అడవి పంది (సస్ స్క్రోఫా) ముఖ్యమైనది. ఇది గుంపులుగా తిరుగుతూ, ప్రధానంగా మునిమాపు వేళ నుండి తెల్లవారుజాము వరకు చేలలోకి ప్రవేశిస్తుంది. తినేదానికంటే తొక్కి, పెళ్ళగించి పాడుచేసేదే తరచు ఎక్కువగా ఉంటుంది. సోలార్ కంచె, గట్ల వెంట కుసుమ వంటి ముళ్ళ పంటను అంచు వరుసలుగా వేయడం, సామూహిక కాపలా మొదలైన నివారణ పద్ధతులకే విస్తరణ సిఫార్సులలో మొదటి స్థానం ఉండాలి. అవి ఫలించని చోట, ప్రభుత్వ అనుమతితో అర్హులైన షూటర్ల ద్వారా పందుల సంఖ్యను తగ్గించడం చివరి మార్గం.

ఇటువంటి చర్య చేపట్టిన గ్రామంలో విస్తరణ శాస్త్రవేత్త ఆయుధం పట్టడు. అయితే పంట దశ, మంచె ఉండవలసిన చోటు, పందులు వచ్చే దారి, కాపలాదారుల రాకపోకలు మొదలైన విషయాలపై సలహా చెప్పవలసింది అతడే. చేలో ఎంత దూరం వరకు, ఏ వెలుతురులో, ఎంత స్పష్టంగా చూడగలమన్నది ఈ సలహాకు మూలం. అందువలన రైఫిల్‌పై అమర్చే స్కోప్ ఆవర్ధనం గురించి అతనికి ప్రాథమిక అవగాహన అవసరం.

ఆవర్ధనం ఎంత ఎక్కువైతే గురి అంత మెరుగవుతుందన్న అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. పంటచేల దూరాలకు, సంధ్యా సమయపు వెలుతురుకు ఈ అభిప్రాయం వర్తించకపోగా, హాని చేస్తుంది. తప్పు ఎంపిక వలన పంది చావక గాయపడి చేలోకి పారిపోవచ్చు; గాయపడిన పంది మరునాడు పనికి వచ్చిన కూలీలపై దాడి చేయవచ్చు. అంతకంటే తీవ్రమైన ప్రమాదం, పంది వెనుక ఉన్న మనిషి షూటర్ కంట పడకపోవడం.

చట్టపరమైన పరిధి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని 9వ సెక్షన్ వేటను నిషేధిస్తున్నది. 11వ సెక్షన్ ప్రకారం, మనుషుల ప్రాణాలకు గాని, చేలోని పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరంగా మారిన జంతువును తొలగించేందుకు లిఖితపూర్వకమైన, కారణాలతో కూడిన ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తరువాత అడవి పంది ఈ చట్టం రెండవ షెడ్యూలులో ఉంది. అనుమతి లేని వేట, ఉచ్చులు, విద్యుత్ తీగలు అమర్చడం నేరాలు. విద్యుత్ తీగలు పందులతో పాటు పశువుల, రైతుల ప్రాణాలను కూడా తీస్తున్నవి. ఈ వ్యాసంలోని విషయమంతా అనుమతి ఉత్తర్వు, ఆయుధ లైసెన్సు రెండూ ఉన్న షూటర్లకు మాత్రమే వర్తిస్తుంది.

ఆవర్ధనం: అంకెల అర్థం

స్కోప్‌పై 4×32 అని ఉంటే మొదటి అంకె ఆవర్ధనాన్ని, రెండవ అంకె వస్తుకటకపు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతుంది. 3-9×40 అంటే ఆవర్ధనాన్ని 3 నుండి 9 రెట్ల వరకు మార్చుకొనే వీలున్న, 40 మి.మీ. వస్తుకటకం గల స్కోప్. 4 రెట్ల ఆవర్ధనంలో 100 మీటర్ల దూరాన ఉన్న జంతువు, మామూలు కంటికి 25 మీటర్ల దూరాన ఉన్నంత పరిమాణంలో కనిపిస్తుంది.

ఎంత ఆవర్ధనం అవసరమో అంచనా వేయడానికి కంటి సామర్థ్యాన్ని గుర్తుంచుకోవాలి. పట్టపగటి వెలుతురులో ఆరోగ్యవంతమైన కన్ను 100 మీటర్ల దూరంలో సుమారు 3 సెం.మీ. ఎడంగా ఉన్న రెండు బిందువులను వేరు చేసి చూడగలదు. 4 రెట్ల స్కోప్‌తో ఈ ఎడం ఒక సెంటీమీటరు కంటే తగ్గుతుంది. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే లక్ష్యభాగం వెడల్పు సుమారు 15 సెం.మీ. కనుక 100 మీటర్ల లోపు దూరాలకు గురి పెట్టడంలో సమస్య సాధారణంగా ఆవర్ధనం చాలకపోవడం కాదు. దృష్టి క్షేత్రం, వెలుతురు అనే రెండు అంశాలే పరిమితిని నిర్ణయిస్తాయి.

దృష్టి క్షేత్రం

స్కోప్ గుండా ఒకేసారి కనిపించే ప్రదేశపు వెడల్పును దృష్టి క్షేత్రం అంటారు. ఆవర్ధనం పెరిగేకొద్దీ ఇది అదే నిష్పత్తిలో తగ్గుతుంది. వేట స్కోప్‌లలో 100 మీటర్ల దూరాన దృష్టి క్షేత్రం స్థూలంగా 38 మీటర్లను ఆవర్ధనంతో భాగించగా వచ్చినంత ఉంటుంది. కచ్చితమైన విలువ ఆయా స్కోప్‌ల వివరపత్రంలో చూసుకోవాలి. ఈ లెక్కనే కింది పట్టికలో వాడడమైనది.

పట్టిక 1: కొన్ని స్కోప్‌ల ప్రధాన లక్షణాలు (లెక్కించిన విలువలు)

| స్కోప్ | వాడిన ఆవర్ధనం | నిర్గమ వృత్తం (మి.మీ.) | సంధ్యా గుణకం | క్షేత్రం, 100 మీ. వద్ద (మీ.) | క్షేత్రం, 30 మీ. వద్ద (మీ.) |
|---|---|---|---|---|---|
| 3-9×40 | 3 | 13.3 | 11.0 | 12.7 | 3.8 |
| 4×32 | 4 | 8.0 | 11.3 | 9.5 | 2.9 |
| 6×42 | 6 | 7.0 | 15.9 | 6.3 | 1.9 |
| 8×56 | 8 | 7.0 | 21.2 | 4.8 | 1.4 |
| 3-9×40 | 9 | 4.4 | 19.0 | 4.2 | 1.3 |

పట్టికలోని చివరి వరుస గమనించదగినది. 30 మీటర్ల దూరంలో 9 రెట్ల ఆవర్ధనం వాడితే కనిపించేది సుమారు 1.3 మీటర్ల వెడల్పు మాత్రమే. ఎదిగిన మగ పంది శరీరం అంతకంటే పొడవు ఉండవచ్చు. అప్పుడు షూటర్‌కు కనిపించేది జంతువు కాదు, నల్లని వెంట్రుకల గోడ. తల ఎటు ఉన్నదో, పక్కన పిల్లలున్నవో, వెనుక ఏమున్నదో తెలియదు.

వెలుతురు: నిర్గమ వృత్తం, సంధ్యా గుణకం

వస్తుకటక వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే, స్కోప్ నుండి కంటివైపు వెలువడే కాంతి పుంజపు వ్యాసం వస్తుంది. దీనిని ఇక్కడ నిర్గమ వృత్తం అంటున్నాము. కంటిపాప ఎండలో 2–3 మి.మీ. వరకు ముడుచుకొని, చీకటిలో యువకులలో సుమారు 7 మి.మీ. వరకు విచ్చుకొంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ విచ్చుకొనే శక్తి తగ్గుతుంది. 50 ఏళ్ళు దాటిన వారిలో అది సుమారు 5 మి.మీ. వద్దనే ఆగవచ్చు.

నిర్గమ వృత్తం కంటిపాప కంటే చిన్నదైతే దృశ్యం మసకబారుతుంది. ఉదాహరణకు కంటిపాప 6 మి.మీ. విచ్చుకొన్న వేళ 3-9×40 స్కోప్‌ను 9 రెట్ల వద్ద వాడితే, 4.4 మి.మీ. పుంజం కంటిపాప వైశాల్యంలో సుమారు 54 శాతాన్నే నింపుతుంది. అంటే ప్రకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అదే స్కోప్‌ను 6 రెట్లకు తగ్గిస్తే పుంజం 6.7 మి.మీ. అయి కంటిపాప పూర్తిగా నిండుతుంది. ఏ స్కోప్ అయినా దృశ్యపు ప్రకాశాన్ని మామూలు కంటికి కనిపించే దానికంటే పెంచలేదన్నది విద్యార్థులు గుర్తుంచుకోవలసిన భౌతికశాస్త్ర సూత్రం. అది చేయగలిగినదల్లా, ఉన్న ప్రకాశాన్ని కోల్పోకుండా ప్రతిబింబాన్ని పెద్దది చేయడమే.

ఆవర్ధనాన్ని వస్తుకటక వ్యాసంతో గుణించి, లబ్ధానికి వర్గమూలం కడితే సంధ్యా గుణకం వస్తుంది. మసక వెలుతురులో వివరాలు ఎంతవరకు తెలుస్తాయో ఇది సూచిస్తుంది. అయితే దీనిని ఒంటరిగా నమ్మరాదు. పట్టికలో 9 రెట్ల వద్ద 3-9×40 స్కోప్‌కు 19.0 గుణకం ఉన్నప్పటికీ నిర్గమ వృత్తం చాలదు. 8×56 స్కోప్‌కు రెండు విలువలూ ఎక్కువే. జర్మనీలో ఎత్తైన మంచెల మీద నుండి వెన్నెలలో అడవి పందులను వేటాడేవారు ఈ రకాన్ని దీర్ఘకాలంగా వాడుతున్నారు. అక్కడే పందులను తరిమి దగ్గరి దూరంలో కాల్చే వేటలో 1-6×24 వంటి తక్కువ ఆవర్ధనపు స్కోప్‌లు వాడుకలో ఉన్నవి. ఒకే జంతువు, ఒకే దేశం. అయినా దూరం, వెలుతురు మారినందువలన సాధనం మారింది.

ఇతర అంశాలు

ఆవర్ధనం చేతి వణుకును కూడా అంతే రెట్లు పెంచి చూపుతుంది. వాస్తవానికి రైఫిల్ కదలిక పెరగదు. కాని గురి గీతలు ఊగుతూ కనిపించడంతో షూటర్ అవి నిలిచిన క్షణాన్ని అందుకోవాలని ట్రిగ్గర్‌ను అదాటుగా లాగుతాడు, గురి తప్పుతుంది. ఎండవేళ నేల నుండి లేచే వేడి గాలి తరంగాలు కూడా ఎక్కువ ఆవర్ధనంలో దృశ్యాన్ని కలచివేస్తాయి.

కన్ను స్కోప్ మధ్యరేఖ నుండి పక్కకు జరిగినప్పుడు గురి గీతలు లక్ష్యంపై కదిలినట్లు కనిపించడాన్ని పారలాక్స్ దోషం అంటారు. చాలా వేట స్కోప్‌లను ఈ దోషం 100 గజాలు లేదా 100 మీటర్ల వద్ద లేకుండా తయారు చేస్తారు. 100 మీటర్లకు సరిచేసిన 40 మి.మీ. స్కోప్‌తో 30 మీటర్ల దూరంలో గరిష్ఠ దోషం సుమారు 14 మి.మీ. మాత్రమే. 15 సెం.మీ. లక్ష్యభాగానికి ఇది లెక్కించదగినది కాదు. కనుక పారలాక్స్ సవరణ చక్రం ఉన్న ఖరీదైన, అధిక ఆవర్ధనపు స్కోప్ చేలలో అవసరం లేదు.

ఎంపికకు మూడు మెట్లు

పై సూత్రాల నుండి క్షేత్రంలో నోటిలెక్కగా వాడదగిన మూడు పరిమితులను రూపొందించవచ్చు.

1. కనిష్ఠ ఆవర్ధనం: కాల్చవలసి రాగల అత్యధిక దూరాన్ని (మీటర్లలో) 25తో భాగించాలి. పంది 25 మీటర్ల దూరాన ఉన్నంత పెద్దగా కనిపిస్తే చాలునన్నది ఇక్కడి ప్రమాణం.

2. క్షేత్రం నిర్ణయించే గరిష్ఠ ఆవర్ధనం: అత్యల్ప దూరాన్ని (మీటర్లలో) 8తో భాగించాలి. దీనివలన కనీసం 3 మీటర్ల వెడల్పు, అంటే పంది చుట్టూ కొంత పరిసరం కూడా కనిపిస్తుంది.

3. వెలుతురు నిర్ణయించే గరిష్ఠ ఆవర్ధనం: వస్తుకటక వ్యాసాన్ని 6తో భాగించాలి. షూటర్ వయసు ఎక్కువైతే 5తో భాగించవచ్చు.

రెండు, మూడు మెట్లలో వచ్చిన విలువలలో చిన్నదానిని మించకుండా, మొదటి మెట్టు విలువకు తగ్గకుండా ఆవర్ధనాన్ని ఎంచుకోవాలి. కనిష్ఠం గరిష్ఠాన్ని మించితే ఆ స్థలం కాల్పులకు అనుకూలం కాదని అర్థం. అప్పుడు మార్చవలసింది స్కోప్‌ను కాదు, మంచె స్థానాన్ని.

ఉదాహరణలు

మొక్కజొన్న చేను: కోత కోసిన బాట వెంట మంచె ఉన్నదనుకొందాం. దూరం 25 నుండి 60 మీటర్లు, స్కోప్ 3-9×40. కనిష్ఠం 2.4; క్షేత్రం ప్రకారం గరిష్ఠం 3.1, వెలుతురు ప్రకారం 6.7. స్కోప్‌ను 3 వద్ద ఉంచాలి.

వేరుశనగ చేను: ఎత్తు తక్కువ పంట, చూపు దూరం ఆనుతుంది. దూరం 50 నుండి 120 మీటర్లు. కనిష్ఠం 4.8, క్షేత్రం ప్రకారం 6.3, వెలుతురు ప్రకారం 6.7. అదే స్కోప్‌ను 5–6 మధ్య ఉంచాలి.

చెరకు తోట అంచు: పంది తోట నుండి వెలువడే చోటు 15 నుండి 40 మీటర్ల దూరంలో ఉంది. కనిష్ఠం 1.6, క్షేత్రం ప్రకారం గరిష్ఠం 1.9. 3-9×40 స్కోప్ ఇక్కడ పనికిరాదు. 1-6×24 రకాన్ని 2కు మించకుండా వాడాలి.

మూడింటిలో ఏ ఒక్క సందర్భంలోను 9 రెట్లు అవసరం కాలేదు.

గుర్తింపు, భద్రత

స్కోప్ గురి చూసేందుకు మాత్రమే, వెతకడానికి కాదు. స్కోప్‌తో చేనంతా వెతకడమంటే తూటా నింపిన రైఫిల్ గొట్టాన్ని చేనంతా తిప్పడమే. చేలో కదలిక మనిషిదో, ఆవుదూడదో, పందిదో ముందుగా బైనాక్యులర్‌తో నిర్ధారించుకోవాలి. నీళ్ళు పెట్టడానికి, మోటారు వేయడానికి రైతులు రాత్రివేళ చేలకు వెళ్ళే ప్రాంతాలలో ఇది తప్పనిసరి. రైఫిల్ తూటా కొన్ని కిలోమీటర్ల దూరం పోగలదు. ఎత్తైన మంచె నుండి కిందికి కాల్చినప్పుడు తూటా నేలలో దిగే అవకాశం ఉన్నందున, మంచె స్థానాన్ని నిర్ణయించే సలహాకు ప్రాధాన్యం ఇవ్వాలి.

విద్యార్థులకు అభ్యాసం

ఈ సూత్రాలను ఆయుధం లేకుండానే బోధించవచ్చు. 7×50, 10×25 బైనాక్యులర్‌లను తీసుకొని, 15 సెం.మీ. వ్యాసం గల బూడిదరంగు అట్టలను 30, 60, 100 మీటర్ల దూరాలలో పైరు మధ్య నిలపాలి. సూర్యాస్తమయం నుండి ప్రతి 5 నిమిషాలకు ఒకసారి, ఏ అట్ట ఏ సాధనంతో కనిపిస్తున్నదో నమోదు చేయాలి. మొదటి సాధనపు నిర్గమ వృత్తం 7.1 మి.మీ., రెండవదానిది 2.5 మి.మీ. ఎక్కువ ఆవర్ధనం గల రెండవ సాధనం ముందుగా చీకటిపడడాన్ని విద్యార్థులు స్వయంగా చూడగలుగుతారు. పరిశీలకుల వయసులను కూడా నమోదు చేస్తే కంటిపాప ప్రభావం తెలియవచ్చు.

ముగింపు

పంటచేల దూరాలలో సంధ్యా సమయంలో అడవి పందుల నియంత్రణకు 2 నుండి 6 రెట్ల ఆవర్ధనం సరిపోతుంది. 3-9×40 వంటి సాధారణ స్కోప్‌ను తక్కువ ఆవర్ధనం వద్ద వాడడం, అధిక ఆవర్ధనపు ఖరీదైన స్కోప్ కొనడం కంటే మేలు. అనుమతి పొందిన చర్యకు ముందు విస్తరణ శాస్త్రవేత్త మంచె నుండి అత్యల్ప, అత్యధిక దూరాలను టేపుతో కొలిచి, పై మూడు మెట్ల లెక్కను షూటర్‌కు కాగితంపై ఇవ్వడం మంచిది. ఆ దూరాల హద్దులను పైరులో కర్రలు నాటి గుర్తించి, హద్దు దాటిన పందిపై కాల్పులు జరపరాదని ముందే నిర్ణయించుకోవాలి.