వైరల్ వీడియో వెనుక ఉద్యోగం

నిరుడు మా అమ్మాయి బ్యాంకు పరీక్ష మెయిన్స్ రాయనని చెప్పినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. ప్రిలిమ్స్ పాసైంది. కోచింగ్ ఫీజు కట్టింది నేను. "సోషల్ మీడియా మార్కెటింగ్‌లో ఉద్యోగం వచ్చిందమ్మా, చేరతాను" అంది. వీడియోలు పెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అన్నాను. క్లర్కుగా చేరి, ట్రాన్స్‌ఫర్లు తిరిగి, సీనియర్ మేనేజర్ అయిన మనిషిని. నాకు అంతకంటే తోచలేదు. కోపం తగ్గాక ఆ పనేమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. మన సిబ్బంది ఇళ్లలో చాలాచోట్ల ఇదే చర్చ నడుస్తోందని లంచ్ టైములో వింటున్నాను కనుక, నాకు అర్థమైనది రాస్తున్నాను.

మా అమ్మాయి నాకు మొదట చెప్పిన పాఠం ఒక మిక్సీ కథ. అమెరికాలో యూటా రాష్ట్రంలో బ్లెండ్‌టెక్ అనే కంపెనీ ఉంది. గట్టి మిక్సీలు చేస్తుంది, కానీ 2006 నాటికి ఇళ్లలో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. అప్పుడే మార్కెటింగ్ బాధ్యత తీసుకున్న జార్జ్ రైట్‌కు ఫ్యాక్టరీలో ఒకచోట నేలమీద రంపపు పొట్టు కనిపించింది. ఇదేమిటని అడిగితే, యజమాని టామ్ డిక్సన్ మిక్సీ బలం పరీక్షించడానికి అందులో చెక్కముక్కలు వేసి తిప్పుతుంటాడని చెప్పారు. అక్కడివాళ్లకు అది రోజూ చూసేదే. రైట్‌కు మాత్రం అది ప్రకటనలా కనిపించింది. సుమారు 50 డాలర్ల ఖర్చుతో ఒక తెల్లకోటు, గోళీలు, తోటపని రేకు లాంటి సరుకు కొని, డిక్సన్‌నే కెమెరా ముందు నిలబెట్టి కొన్ని వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టారు. వారం తిరిగేలోగా లక్షల మంది చూశారు. మరుసటి ఏడాది కొత్తగా వచ్చిన ఐఫోన్‌ను కూడా పొడి చేసి చూపించారు. మా మిక్సీ కొనండి అని బతిమాలలేదు. అది ఏం చేయగలదో చూపించారు, అంతే.

"అదృష్టం" అన్నాను నేను. "పొట్టు అందరి కాళ్ల కిందా పడిందమ్మా, ఒక్కడే అడిగాడు" అంది.

ఈ మాట నాకు తణుకులో మా మరిది ఊరగాయల కొట్టు దగ్గర అర్థమైంది. ఉద్యోగంలో చేరకముందే అది బాబాయి కోసం ఒక వీడియో తీసింది. బాబాయి పచ్చడి జాడీ పట్టుకుని సినిమా పాటకు డాన్సు చేశాడు. బంధువులందరం ఫార్వర్డ్ చేశాం, ఎవరెవరో చూశారు, నవ్వారు. కామెంట్లన్నీ డాన్సు గురించే. ఆర్డరు ఒక్కటి రాలేదు. ఎండాకాలం ఏసీ కోసం బ్రాంచిలోకి వచ్చి కూర్చునేవాళ్లంతా ఖాతాదారులు కారని మనకు తెలుసు. వ్యూస్ కూడా అంతే.

రెండోసారి అది కెమెరా పట్టుకుని వెనక వసారాలో కూర్చుంది. మా తోడికోడలు ఆవకాయకు ముక్క కొట్టాక, ఒక్కొక్క ముక్కలోని జీడి తీసి, టెంకకు అంటిన పల్చటి పొర ఒలిచి, పొడి గుడ్డతో తుడుస్తుంది. తడి తగిలితే బూజు పడుతుందని ఆమె భయం. ఆ చేతులు, ఆ గుడ్డ, కత్తి పడే చప్పుడు, వీడియోలో మాటల్లేవు. డాన్సు చూసినంతమంది దీన్ని చూడలేదు. కానీ హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు వచ్చాయి. "మా అమ్మమ్మ ఇలాగే తుడిచేది, ఒక కిలో పంపండి" అని ఒకావిడ అడిగిందట. మా తోడికోడలు మాత్రం, తన ముఖం చూపించలేదని ఇప్పటికీ అలిగే ఉంది.

ఇక ఉద్యోగం సంగతి. ఇందులో వీడియో తీయడం చిన్న భాగం. పొద్దున్నే నిన్నటి లెక్కలు చూడాలి. చూసేవాళ్లు ఏ సెకనులో వెళ్లిపోయారో గ్రాఫు చెబుతుంది. సాధారణంగా మొదటి మూడు నాలుగు సెకన్లలోనే సగం కథ తేలిపోతుంది. అదే వీడియోకు రెండు రకాల మొదళ్లు పెట్టి ఏది నిలిచిందో పోల్చాలి. ఎంతమంది నొక్కారు అన్నదానికంటే ఎంతసేపు చూశారు అన్నదానికి యూట్యూబ్ 2012 నుంచే ఎక్కువ విలువ ఇస్తోంది. ఆపైన కామెంట్లకు జవాబులు, డబ్బు కట్టి వేసే ప్రకటనల బడ్జెట్, క్లయింటు ఒప్పుదల, నెలాఖరు రిపోర్టు. మన క్లోజింగ్ లాంటిదే. దసరాకు, సంక్రాంతికి అందరికీ సెలవు, వీళ్లకు పని ఎక్కువ.

ఒక తల్లిగా నాకున్న భయం వేరు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. దానిమీదే పేరు తెచ్చుకున్నవాళ్ల ఖాతాలు మన దేశంలో ఒక్క పూటలో ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఇదే అడిగితే, యాప్ పోయినా రాయడం, లెక్క చదవడం, కొనేవాడి మనసు తెలుసుకోవడం పోవంది. బాబాయి చేత ఫోన్ చేసిన వాళ్ల పేర్లు, ఊర్లు ఒక నోటుపుస్తకంలో రాయిస్తోంది. సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం ఇంకా రాలేదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. డబ్బు తీసుకుని పొగిడితే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు పెట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఈ పనికి ఫలానా డిగ్రీ ఉండాలని లేదు. గూగుల్, మెటా సంస్థలు ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు పెట్టాయి. ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షల ఫీజు అడిగే కోర్సుల కోసం మన దగ్గరికే లోను అడగడానికి వచ్చేవాళ్లను చూస్తున్నాను. పిల్లలు ముందు వీధి చివర కొట్టుకు నాలుగు వీడియోలు చేసి చూపిస్తే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. మా అమ్మాయిని అడిగింది ఆవకాయ గురించే, అదీ ముందు డాన్సు వీడియో ఎందుకు తప్పిందని.

చేరి ఎనిమిది నెలలైంది. మెయిన్స్ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయమంటుంది. మా క్యాషియర్ గారి అబ్బాయి రెండుసార్లు అడిగాడు కూడా. రేపు తెస్తానని అంటూనే ఉన్నాను, ఇంకా అటక మీదే ఉన్నాయి.